ఫలము చెట్టుకొరకు కాదు

చదువవలసిన వాక్యభాగములు: యోహాను 15:1–17, లూకా 13:6–9



కోతలు ముగిసి, కళ్లము ఊడ్చి, ధాన్యము ఇల్లు చేరిన తరువాత ఇద్దరు రైతులు దారిలో ఎదురుపడినయెడల మొదట అడుగుకొను మాట ఒక్కటే: ఈయేడు ఎకరమునకు ఎన్ని బస్తాలు దిగినవి? పైరు ఎంత పచ్చగా నుండెనో, ఎంత ఎత్తు పెరిగెనో ఎవరును అడుగరు. ఆకు ఏపుగా పెరిగి కంకి తాలుపోయిన చేను కంటికెంత యింపుగా నున్నను, దానివలన అప్పు తీరదు, కడుపు నిండదు.

మన ప్రభువు తన శిష్యులతో భుజించిన కడపటి రాత్రి ఇట్టి మాటనే ఎత్తెను. ఇంక కొన్ని గంటలలో ఆయన పట్టబడనై యున్నాడు. అట్టి గడియలో ఆయన ఒక తోటను గూర్చి మాటలాడెను. తండ్రి ఆ తోటకు సేద్యగాడు. తాను ద్రాక్షావల్లి. శిష్యులు, వారితోకూడ మనమును, దాని తీగెలము. సేద్యగాడు తోటలోనికి వచ్చి వెదకునది ఫలమేగాని ఆకులు కావు.

ఫలమనగా ఏమి? ఈ విషయమున మన సంఘములలో రెండు విధములైన పొరపాటు కలదు. కొందరు ఆస్తి పెరుగుటయే ఫలమందురు. రెండెకరములు నాలుగెకరములైన యెడల దేవుడు దీవించెనందురు. పంట పోయిన యెడల ఆయన చేయి విడిచెనందురు. మరికొందరు ఆదివారపు ఆరాధన, ఉపవాస ప్రార్థన, ఉజ్జీవ కూటము, ఇవి మాత్రమే దేవుని పనియనియు, సోమవారము మొదలు శనివారము వరకు తాము చేయు పని లోకపు పనియనియు తలంతురు. అట్లు తలంచువాడు ఒక దినము దేవుని మనిషిగాను, ఆరు దినములు ఎవరి మనిషియో తెలియనివాడుగాను జీవించును. ఈ రెండు తలంపులును ప్రభువు చెప్పిన తోటకు సరిపడవు. ఫలమనునది తీగె తనకొరకు దాచుకొను ఆస్తి కాదు. ఏడు దినములలో ఒక దినము మాత్రమే కాయునదియు కాదు.

1. తీగె వల్లియందు నిలుచుట

ఈ అధ్యాయమున 4వ వచనము మొదలు 10వ వచనము వరకు చదివినయెడల ఒక మాట మరల మరల వచ్చును. నిలిచియుండుట అను ఆ మాట మూలభాషయగు గ్రీకులో ఆ యేడు వచనములలో పదిమారులు ఉన్నది. ఫలింపుడని చెప్పుటకు ముందు ప్రభువు నిలిచియుండుడని చెప్పుచున్నాడు. వల్లినుండి విరిగిన తీగె ఎంత ప్రయాసపడినను ఒక్క కాయనైనను కాయలేదు. వల్లిని అంటియున్న తీగె మాత్రము కేకలు వేయదు, గుంజుకొనదు. రసము లోపలినుండి వచ్చును; కాలమందు కాయ కాయును.

కాబట్టి ఫలభరితమైన జీవితమునకు ఆరంభము పనిలో కాదు, ప్రార్థనలో కలదు. తెల్లవారక మునుపే చేనికి పోవలసినవాడు కూలికి బయలుదేరు బండి యెక్కకముందు రెండు నిమిషములు ప్రభువు ఎదుట నిలువగలడు. చదువు రాని తల్లి ఆదివారమున వినిన ఒక్క వచనమును వారమంతయు నాటువేయుచు నెమరువేసికొనగలదు. ఇది చిన్న సంగతి యనుకొనవద్దు. బావిలో ఊట లేనప్పుడు మోటారు ఎంత గొప్పదైనను నీరు రాదు.

అయినను ఊట కలదని మోటారు పెట్టక కూర్చున్నవాడు తెలివిగలవాడు కాడు. థెస్సలొనీకలోని సంఘమున కొందరు ప్రభువు రాకడ సమీపించినదని పని మానుకొని, పరుల జోలికి పోవుచు, ఇరుగుపొరుగువారి రొట్టె తినుచుండిరి. పౌలు వారిని గట్టిగా గద్దించెను (2 థెస్స. 3:6–12). ఆయన తాను రాత్రింబగళ్లు కష్టపడి పనిచేసిన సంగతి వారికి జ్ఞాపకము చేసెను. ప్రార్థన పనికి బదులు కాదు. అది పనికి వేరు.

2. యొప్పేలోని రెండు ఇండ్లు

అపొస్తలుల కార్యముల 9వ అధ్యాయమున యొప్పే అను సముద్రతీరపు పట్టణము కలదు. ఆ ఊరిలో ఇద్దరి పనిని గూర్చి పరిశుద్ధగ్రంథము చెప్పుచున్నది. వారిరువురిని మన పల్లెల విశ్వాసులు మరువకూడదు.

మొదట దొర్కా. తబితా అని ఆమెకు వేరొక పేరు. ఆమె ప్రసంగము చేసెనని వ్రాయబడలేదు. ఆమె చేతిలో సూదియు దారమును ఉండెను. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి ఏడ్చుచు, ఆమె కుట్టిన వస్త్రములను ఆయనకు చూపించిరి. ఒక విశ్వాసురాలి జీవితమునకు ఇంతకంటె గొప్ప సాక్ష్యపత్రము ఏది? మన సంఘములలో కుట్టుమిషనుతో ఇల్లు గడుపుకొనుచున్న సహోదరీలు అనేకులు కలరు. అమ్మా, నీవు సరిగా కొలిచి, మిగిలిన గుడ్డను తిరిగి ఇచ్చి, చెప్పిన దినమునకు రవిక కుట్టి ఇచ్చిన యెడల, నీ మిషను చప్పుడు దేవుని చెవికి పాటవలె నుండునని నమ్ముము.

రెండవవాడు సీమోను. అతడు చర్మకారుడు. అతని యిల్లు సముద్రపు దరిని ఉండెను. పేతురు యొప్పేలో బహుదినములు ఆ యింట బస చేసెను. ఈ మాటలోని బరువును మనవారు తెలిసికొనగలిగినట్లు పట్టణపు సంఘములవారు తెలిసికొనలేరేమో. చచ్చిన పశువును ముట్టినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడని యూదుల ధర్మశాస్త్రము (లేవీయ. 11:39). కావున దినదినము తోలు పని చేయువానిని యూదులు దూరముగా నుంచిరి. లంద దగ్గర వాసన ఎట్లుండునో, సున్నము, తంగేడుచెక్క పట్టిన చేతులు ఎట్లుండునో మన పెద్దలకు తెలియును. ఆ వాసనకును, ఆ చేతులకును ఊరివారు ఏమి పేరు పెట్టిరో, ఏ బావి దగ్గర నిలువనియ్యలేదో అదియు తెలియును.

అట్టి యింట అపొస్తలుడు దిగెను. అంతమాత్రమే కాదు. యూదుడు కాని కొర్నేలీ యింటికి సువార్త తీసికొనిపోవుటకై దేవుడు పేతురునకు దర్శనము చూపినది ఆ యింటి మేడమీదనే (అపొ. కా. 10:9). దేవుడు పవిత్రపరచినదానిని మనుష్యుడు నిషిద్ధమని యెంచకూడదని పేతురు నేర్చుకొన్నది దేవాలయపు ఆవరణములో కాదు. తోలు పదును పెట్టువాని యింటిపైన.

మన ప్రభువే నజరేతులో వడ్రంగి (మార్కు 6:3). ఆయన ఊరివారు ఆ మాటను నిందగా అనిరి. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టెను (అపొ. కా. 18:3). కాబట్టి క్రైస్తవుడు చేతిపనిని గూర్చి సిగ్గుపడనక్కరలేదు.

మన ఆంధ్రదేశపు సంఘచరిత్రలోను ఇట్టి సాక్షి ఒకడు కలడు. ఒంగోలు ప్రాంతమున సువార్త వ్యాపించిన తొలిదినములలో యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. అతడు మాదిగ కులమున పుట్టి, తోళ్ల వ్యాపారము చేయువాడు. ఆ వ్యాపారముపై ఉత్తర ప్రాంతమునకు పోయినప్పుడు ఏలూరులో సువార్త విని, దానిని మూటగట్టుకొని తన ఊరికి తెచ్చెను. 1860ల దశాబ్దమున అతడును అతని భార్యయు బాప్తిస్మము పొందిరి. అతని నోటిమాట వలన ఆ చుట్టుప్రక్కల గ్రామములు ప్రభువును ఎరిగెను. తోళ్ల కొరకు నడిచిన దారి సువార్తకు దారియాయెను. అతడు పని విడిచిన తరువాత దేవుడు అతనిని కనుగొనలేదు. పనిమీద నడుచుచుండగా కనుగొనెను.

ఈ మాటకు ఇంకొక ప్రక్క కలదు. పని నీచమైనది కాదని చెప్పుట, ఒక కులమువారు ఒక పనినే తరతరములు చేయవలెనని చెప్పుట కాదు. చర్మకారుని కుమారుడు వైద్యుడగుటయు, కూలివాని కుమార్తె ఉపాధ్యాయురాలగుటయు దేవుని దీవెనయే. అయితే ఆ వైద్యుడు తన తండ్రి చేతులను చూచి సిగ్గుపడిన దినమున, యొప్పేలో పేతురు నేర్చుకొన్న పాఠమును మరచినవాడగును.

3. పూడ్చిపెట్టిన తలాంతు

మత్తయి 25వ అధ్యాయమున ప్రభువు చెప్పిన ఉపమానములో యజమానుడు ఒకనికి అయిదు తలాంతులు, ఒకనికి రెండు, మరియొకనికి ఒకటి ఇచ్చెను. ఒక్క తలాంతు పొందినవానిని గూర్చి, పాపము, వానికి కొంచెమే దొరికెనని మనము తలంతుము. లెక్క చూతము. ఒక తలాంతు ఇంచుమించు 6,000 దేనారములు. ఒక దేనారము ఆ కాలమున ఒక కూలివాని ఒక దినపు కూలి (మత్తయి 20:2). ఏడాదికి 300 దినములు పని దొరికినదనుకొన్నను, ఒక్క తలాంతు 20 సంవత్సరముల కూలి. తక్కువ పొందినవానికే అంత ఇవ్వబడెను. కాబట్టి, అయ్యా, నాకేమియు ఇవ్వబడలేదని మనలో ఎవడును చెప్పజాలడు.

ఆ దాసుడు దొంగ కాడు. తాగుబోతు కాడు. పోగొట్టలేదు, ఉన్నది ఉన్నట్లు తిరిగి ఇచ్చెను. అతని నేరము ఒక్కటే: భయపడి గొయ్యి త్రవ్వి దాచెను. గొయ్యి త్రవ్వుటకు పట్టిన కష్టమును ఆ ధనముతో పని చేయుటకు పెట్టియుండిన యెడల యజమానుని మెప్పు అతనికిని దొరికియుండును.

మేము పేటలను దర్శించునప్పుడు ఇట్టి గోతులను చూచుచున్నాము. డిగ్రీ చదివిన యౌవనుడు ఊరి మొదట కల్వర్టు మీద కూర్చుండి, చేతిలోని ఫోను చూచుచు దినము వెళ్లబుచ్చుచున్నాడు. ఇంట తండ్రి ఒంటరిగా మడికి నీరు కట్టుచున్నాడు. ఉద్యోగము దొరకకపోవుట పాపము కాదు. ఆ విషయమున ఆ బిడ్డను నిందించువారు దేవుని యెదుట లెక్క చెప్పవలసియుందురు. కాని ఉద్యోగము దొరకువరకు చేతులు ముడుచుకొనియుండుట, చదివినవాడు పార పట్టకూడదనుకొనుట, ఇది గొయ్యి త్రవ్వుటయే. తమ్ముడా, నీకు చదువు వచ్చును. సాయంకాలమున గుడి వసారాలో పదిమంది పిల్లలకు లెక్కలు చెప్పుము. బ్యాంకు కాగితము చదువలేని పెద్దలకు చదివి చెప్పుము. తండ్రితో మడిలో దిగుము. నీ తలాంతు మట్టిలోనుండి బయటికి వచ్చును.

సంపాదన అంతయు సారా దుకాణమున పోయుచున్న సహోదరుని విషయమును ఇదే. అతడు రెక్కలు ముక్కలు చేసికొని పనిచేయును. అయితే సాయంకాలమున తన తలాంతును తానే పూడ్చుచున్నాడు. ఆ గోతిలో అతని ధనము మాత్రమే కాదు, అతని బిడ్డల పుస్తకములును పడుచున్నవి. సంఘము అట్టివానిని చూచి పెదవి విరిచి తొలగిపోకూడదు. చేయిపట్టి పైకి తీయుట సంఘపెద్దల పని.

4. కత్తెర పడిన తీగె

ఫలింపని తీగెను సేద్యగాడు తీసిపారవేయును. ఇది మనకు వింత కాదు. కాని ఫలించు తీగెను ఆయన కత్తిరించునని ప్రభువు చెప్పుట చాలమందికి బోధపడదు. మేము మంచిగానే నడుచుకొనుచున్నాము గదా, ఈ కష్టము మాకెందుకు వచ్చెనని కన్నీటితో అడుగువారు ప్రతి సంఘమందును కలరు.

మన దక్షిణదేశపు ద్రాక్షతోటలలో తీగెకు సంవత్సరమునకు రెండుమారులు కత్తెర పడును. ఏప్రిలు నెలలో ఒకమారు, అక్టోబరు నెలలో ఒకమారు. ఏప్రిలు ఎండలో పచ్చని తోటను మోడుచేసినప్పుడు, ఎరుగనివాడు చూచి, ఈ తోటవాడు తోటను పాడుచేసెననును. అయితే తోటవానికి తెలియును. ఆ కత్తిరింపు తరువాత క్రొత్త చిగురు పుట్టి, ఇంచుమించు నలువది దినములు మొదలు అరువది దినముల మధ్య, రాబోవు పంటకు కావలసిన గుత్తి ఆ తీగె కన్నులలో లోలోపల ఏర్పడును. అప్పుడు చూచువానికి పువ్వు లేదు, కాయ లేదు. అక్టోబరులో మరల కత్తెర పడిన తరువాతనే అది బయటపడును. ఫలము కనబడుటకు ఎన్నో నెలలు ముందే అది ఇవ్వబడియున్నది.

గుంటూరు పట్టణమున వైద్యసేవ చేసిన డాక్టరు అన్నా కుగ్లరు అమ్మగారి జీవితమున ఇట్టిది కలదు. ఆమె అమెరికా దేశపు లూథరను సంఘమునుండి 1883లో గుంటూరు వచ్చెను. ఆమె వైద్యురాలు, అయినను ఆమెను పంపినవారు మొదట ఆమెను వైద్యసేవకు నియమింపలేదు. స్త్రీలమధ్యను, పాఠశాలలలోను పని అప్పగించిరి. తాను నేర్చిన పనికి కత్తెర పడినట్లాయెను. ఆమె అలిగి తిరిగిపోలేదు. పురుష వైద్యుని యెదుటికి రాజాలక గోషాలో బాధపడుచుండిన స్త్రీలను ఇండ్లకు పోయి చూచుచు, ఉన్నంతలో మందు ఇచ్చుచు పనిచేసెను. ఆసుపత్రి తెరువబడినది 1898లో. నడుమ 15 సంవత్సరములు! 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించెను. ఆ పదునైదు సంవత్సరములలో ఆసుపత్రి కట్టడము లేదుగాని, ఆ స్త్రీల నమ్మకము లోలోపల కట్టబడుచుండెను.

సహోదరీ, నీ పంట పోయినదా? నీ భర్త మంచము పట్టెనా? నీ కుమారుడు పరీక్ష తప్పెనా? ప్రతి కష్టమును దేవుడు పంపిన కత్తెరయని మేము తేలికగా చెప్పము. మనుష్యుల అన్యాయమువలన వచ్చు కష్టములును కలవు; వాటికి మనుష్యులే జవాబుదారులు. కాని ఏ కష్టమైనను సేద్యగాని చేతికి అప్పగింపబడినప్పుడు వ్యర్థము కాదని నిశ్చయముగా చెప్పుచున్నాము. కత్తిరింపబడిన తీగెకును నరికివేయబడిన తీగెకును భేదము ఇదే: కత్తిరింపబడినది ఇంకను వల్లిని అంటియున్నది.

పని చేయలేని వృద్ధులు ఈ మాట వినవలెను. కాళ్లు రావు, కన్నులు కనబడవు, మేము ఎవరికిని పనికిరామని మీరు చెప్పుకొనుచున్నారు. నీతిమంతులు ముసలితనమందును చిగురు పెట్టుదురని 92వ కీర్తనకారుడు సాక్ష్యమిచ్చెను. ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము మొదలైన ఆత్మఫలములు (గలతీ. 5:22) కాయుటకు బలమైన రెక్కలు అక్కరలేదు. మంచముమీద కూర్చుండి మనుమల పేర్లు ఒక్కొక్కటి చెప్పి ప్రార్థించు అవ్వ సంఘమునకు బరువు కాదు. ఆమె వేళ్లకు దగ్గరనున్న కొమ్మ.

5. ఫలము ఎవరికొరకు?

మామిడిచెట్టు తన పండును తాను తినదు. చింతచెట్టు తన నీడలో తాను కూర్చుండదు. ఫలము చెట్టుకొరకు కాదు, ఆకలిగొన్నవానికొరకు. ఇదే ఈ వ్యాసమంతటికి మూలమాట.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో (4:28) పౌలు దొంగకు చెప్పిన బుద్ధి చూడుడి. దొంగతనము మానవలెను, ఇది మొదటి మెట్టు. తన చేతులతో మంచి పని చేయవలెను, ఇది రెండవది. మనము సాధారణముగా ఇక్కడ ఆగుదుము. ఎవని సొమ్ము తినలేదు, నా కష్టము నేను తినుచున్నానని తృప్తిపడుదుము. పౌలు అక్కడ ఆగలేదు. అక్కరగలవానికి పంచిపెట్టుటకు అతనికి కలుగునట్లు పనిచేయవలెనని చెప్పెను. ఇది మూడవ మెట్టు. నిన్న ఎదుటివాని ఇంట దూరిన చెయ్యి నేడు ఎదుటివాని ఇంటికి బియ్యము మోయవలెను.

మన పితరులకు ఈ పాఠము గొప్ప కరవులో నేర్పబడెను. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిలో వానలు లేక లక్షలాది జనులు మరణించిరి. ఒంగోలులో బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు యౌవనమున అమెరికాలో భూములు కొలుచు పని నేర్చినవారు. ఆ విద్య ఇప్పుడు పనికివచ్చెను. సముద్రతీరమున త్రవ్వబడుచుండిన బకింగుహాము కాలువలో ఇంచుమించు మూడున్నర మైళ్ల పనిని ఆయన ఒప్పుకొనెను. ఆకలితో వచ్చినవారికి అక్కడ పని ఇచ్చి కూలి ఇప్పించెను. సువార్త బోధకులే మేస్త్రీలై వారితోకూడ ఎండలో నిలిచి పని చేయించిరి. పని విరామమున ఓదార్పు మాటలు చెప్పిరి.

జనులు గుంపులుగా వచ్చి బాప్తిస్మము అడిగిరి. కరవు తీరువరకు క్లౌ గారు ఇయ్యలేదు. కూలికొరకు ఎవడును క్రీస్తు పేరు పెట్టుకొనకూడదనియు, గంజికి బదులుగా విశ్వాసము కొనబడకూడదనియు ఆయన కోరిక. కరవు తీరెను. కూలి పని ఆగెను. ఇక రావలసిన అవసరము ఎవరికిని లేనప్పుడు వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అనేకులు తోలు పని చేయు కుటుంబములవారు. ఈ పత్రిక చదువుచున్న మీలో కొందరి ముత్తాతలు ఆ నీటిలో దిగియుందురు.

ఈ కథను 2,222 అను లెక్క కొరకు మాత్రమే చెప్పుకొనుట మనకు అలవాటు. లెక్కకు ముందు కాలువ కలదు. అన్నము అన్నముగా ఇయ్యబడెను. కూలి కూలిగా ఇయ్యబడెను. క్రైస్తవుల ఫలమును మొదట తిన్నది ఇంకను క్రైస్తవులు కాని ఆకలిగొన్న జనము. ఫలమునకు అదియే గురుతు.

ఇప్పుడు మనవైపు తిరుగుదము. ఒకప్పుడు కూలికి మాత్రమే పోయిన మన కుటుంబములలో కొన్ని నేడు కూలివారిని పిలుచు స్థితికి వచ్చినవి. దేవునికి స్తోత్రము. కాని మిరప కోతకు వచ్చిన స్త్రీలకు కూలి ఎప్పుడు ఇచ్చుచున్నాము? ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము (ద్వితీ. 24:15). రేపు రమ్ము, ఎల్లుండి రమ్ము, సరుకు అమ్మిన తరువాత రమ్మని త్రిప్పుచున్నామా? బిగబట్టిన కూలి తానే మొఱ్ఱపెట్టునని యాకోబు హెచ్చరించెను (5:4). మన తల్లులు ఇతరుల గుమ్మము ముందు నిలిచి కూలికొరకు ఎదురుచూచిన సాయంకాలములు మరచితిమా? ఆదివారమున మన పాట ఎంత గట్టిగా వినబడినను, ఆ బిగబట్టిన కూలి మొఱ్ఱ దానికంటె ముందుగా పైకి చేరును.

ఆచరణకు నాలుగు మాటలు

ఈ నెలలో ప్రతి కుటుంబము ఈ నాలిగింటిని ప్రయత్నింపవలెనని కోరుచున్నాము.

మొదటిది, పని ఆరంభించుటకు ముందు పనిముట్టు చేతపట్టి ప్రార్థించుడి. కొడవలియైనను, ఆటో తాళముచెవియైనను, బడి రిజిస్టరైనను సరే. ఇది నీది, ప్రభువా, అని చెప్పి మొదలుపెట్టుడి.

రెండవది, వంట వండునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము వేరుగా తీయు మన తల్లుల అలవాటును విడువకుడి. విడిచినవారు మరల మొదలుపెట్టుడి. కోతపండుగకు మాత్రమే కాక ప్రతి దినము ఇచ్చుట నేర్చిన ఇల్లు లోభమునకు లొంగదు.

మూడవది, పెండ్లికి చేయు అప్పు తగ్గించుకొనుడి. ఒక్క రాత్రి దీపములకొరకు అయిదు సంవత్సరముల రెక్కల కష్టమును వడ్డీవ్యాపారికి వ్రాసి ఇచ్చుట ఫలమును పూవులోనే త్రుంచుట. సంఘపెద్దలు తమ ఇండ్లలో మొదట చేసి చూపవలెను.

నాల్గవది, ఆదివారము విశ్రమించుడి. విశ్రాంతి సోమరితనము కాదు. దేవుడే ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెను. విశ్రమింపనివాడు, తన చేతులే తన్ను పోషించుచున్నవని తలంచువాడు. ఎద్దుకును దినము ఇయ్యవలెనని చెప్పిన దేవుడు మీ యింటి ఇల్లాలికి ఇయ్యవద్దని చెప్పలేదు. ఆ దినమున బిందె మీరు మోయుడి.

ఇంకొక సంవత్సరము

లూకా సువార్తలో ఫలింపని అంజూరపు చెట్టు ఒకటి కలదు. యజమానుడు మూడేండ్లు వచ్చి వెదకి, ఏమియు దొరకక, నరుకుమనెను. తోటమాలి అడ్డుపడెను. ఈ యేడు కూడ ఉండనిమ్మని వేడుకొనెను. వేడుకొని ఊరకుండలేదు. చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని చెప్పెను. చెట్టు కొరకు విన్నపము చేసినవాడే చెట్టు కొరకు చెమటోడ్చుటకు ఒప్పుకొనెను.

ఆ తోటమాలి ఎవరో మీకు తెలియును. ఆయన చేతులకు మేకుల గుర్తులు కలవు. మనము బ్రతికియున్న ఈ సంవత్సరము ఆయన అడిగి తీసికొన్న సంవత్సరము. ఆ చెట్టు తరువాత ఫలించెనో లేదో ప్రభువు చెప్పలేదు. ఆ కథను అక్కడనే నిలిపెను. మిగిలిన భాగమును మన జీవితముతో మనము వ్రాయవలెనని నిలిపెనని తలంచుచున్నాము.

కాబట్టి, ప్రియులారా, రేపు ఉదయమున మీ పనికి పొండి. గట్టుమీదికైనను, బడికైనను, దుకాణమునకైనను, వంటయింటికైనను వల్లిని అంటుకొని పొండి. సాయంకాలమున, ఈ దినమున నాకెంత మిగిలెనని మాత్రమే అడుగక, ఈ దినమున నా ఫలమును ఎవరు తినిరని అడుగుకొనుడి.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, తోటకు యజమానుడవైన దేవా, మాకిచ్చిన చేతులకొరకును, పనికొరకును నీకు స్తోత్రములు. పని దొరకనివారికి దారి చూపుము. అలసినవారికి బలము నిమ్ము. మేము బిగబట్టినదానిని విడిచిపెట్టు మనస్సును, పూడ్చినదానిని త్రవ్వితీయు ధైర్యమును దయచేయుము. నీ కుమారునియందు మమ్మును నిలువబెట్టి, మా ఫలము ఆకలిగొన్నవారికి అందునట్లు చేయుము. ఆయన నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.